అమ్మాలా, ఆగాలా? షేర్ మార్కెట్‌లో చిన్న మదుపరుల వాదోపవాదాలు

కష్టార్జితంలో కొంత భాగాన్ని కంపెనీల వాటాలలో పెట్టిన సామాన్య కుటుంబీకులను చిన్న మదుపరులని వ్యవహరిస్తారు. పబ్లిక్ ఇష్యూలో రెండు లక్షల రూపాయల వరకు దరఖాస్తు చేసేవారిని నియంత్రణ సంస్థ అయిన సెబీ ఈ వర్గం కింద లెక్కిస్తుంది. ఒకప్పుడు ఇటువంటివారు బొంబాయి, అహమ్మదాబాదు, కలకత్తా నగరాలలోనే ఎక్కువగా కనిపించేవారు. సెల్‌ఫోన్ వచ్చిన తరువాత హోసూరు, బళ్ళారి, రాయచూరు, బరంపురం, యానాం పరిసరాల తెలుగు లోగిళ్లలోకి కూడా ఈ వ్యవహారం ప్రవేశించింది. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసే కుమారుడు జీతంలో మిగిలినదానితో షేర్లు కొంటాడు. పదవీ విరమణ సొమ్మో, పొలం అమ్మిన సొమ్మో చేతిలో ఉన్న తండ్రి బ్యాంకు డిపాజిట్టే క్షేమమంటాడు. సంక్రాంతికి అందరూ ఒకచోట చేరినప్పుడు వాదన మొదలవుతుంది. మార్కెట్ ఇంత పెరిగింది గనుక అమ్మివేయాలా, ఇంకా ఆగాలా, లేక మరికొంత కొనాలా అన్నదే ఆ వాదన సారాంశం.

ఈ వాదన ఇప్పటిది కాదు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి 1875లో ఏర్పడింది. అక్కడి 30 పెద్ద కంపెనీల ధరల ఆధారంగా లెక్కించే సూచీయే సెన్సెక్స్. 1978-79 నాటి ధరలను 100గా తీసుకొని, 1986 నుంచి దీనిని ప్రకటిస్తున్నారు. 1990 జూలైలో ఇది మొదటిసారి 1,000 తాకింది. 2024 సెప్టెంబరులో 85,900 దాటింది. ఈ రెండు అంకెలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూపితే ఎవరికైనా ఆశ పుట్టక మానదు. దళారులు, సలహాదారులు సాధారణంగా చూపేది కూడా ఈ రెండు అంకెలనే. నడుమ ఏమి జరిగిందో తెలిస్తేనే తండ్రి మాటలోనూ కుమారుని మాటలోనూ ఎంత నిజమున్నదో బోధపడుతుంది.

పడుతూ లేస్తూ సాగిన దారి

1992 ఏప్రిల్‌లో సెన్సెక్స్ 4,467కు చేరింది. హర్షద్ మెహతా కుంభకోణం బయటపడిన వెంటనే మార్కెట్ కూలింది. ఆ శిఖరం మీద కొన్నవారి సంగతి గమనార్హం. పదకొండేళ్ల తరువాత, 2003 ఏప్రిల్‌లో కూడా సెన్సెక్స్ 3,000కు దిగువనే ఉన్నది. చేతికందిన డివిడెండ్లు మినహాయిస్తే, కూతురి పెండ్లికని 1992లో షేర్లు కొన్న తండ్రికి ఆ పెండ్లినాటికి అసలు కూడా పూర్తిగా చేతికి రాలేదన్నమాట. "దీర్ఘకాలం ఉంచితే నష్టం రాదు" అనే మాటను మంత్రంలా వల్లించేవారు ఈ పదకొండేళ్లను ప్రస్తావించరు. జపాను ఉదాహరణ ఇంకా కఠినమైనది. అక్కడి నిక్కీ సూచీ 1989 డిసెంబరులో చేరిన ఎత్తును మళ్లీ దాటడానికి 2024 ఫిబ్రవరి వరకు, అనగా 34 ఏళ్లు పట్టింది.

2008 జనవరిలో సెన్సెక్స్ 21,200 తాకింది. ఆ నెలలోనే రిలయన్స్ పవర్ పబ్లిక్ ఇష్యూ వచ్చింది. షేరు ధర 450 రూపాయలు, చిన్న మదుపరులకు 20 రూపాయల తగ్గింపు. అమ్మకానికి పెట్టినదానికి డెబ్బై రెట్లకు మించి దరఖాస్తులు వచ్చాయి. డీమ్యాట్ ఖాతా అంటే ఏమిటో అంతవరకు వినని ఇళ్లలో కూడా ఆ నెలలో ఖాతాలు తెరిచారు. ఫిబ్రవరి 11న ఆ షేరు మార్కెట్‌లోకి వచ్చి, తొలిరోజే 372 రూపాయల వద్ద ముగిసింది. 2009 మార్చి నాటికి సెన్సెక్స్ 8,160కి దిగజారింది. అది తిరిగి 21,000కు చేరింది 2010 దీపావళికి.

ఇక 2020 సంగతి వేరు. మార్చి 23న ఒక్కరోజులో సెన్సెక్స్ 3,934 పాయింట్లు పతనమై 25,981 వద్ద నిలిచింది. కరోనా భయంతో ఆ వారం అమ్మినవారు, ఇంకా తగ్గుతుందని, అప్పుడు కొనవచ్చునని ఎదురుచూశారు. నవంబరులోనే సూచీ పాత శిఖరాన్ని దాటిపోయింది. 1992లో ఆగినవారు నష్టపోయారు, 2020లో ఆగనివారు నష్టపోయారు. పడిపోయిన మార్కెట్ ఎన్నేళ్లకు లేస్తుందో పడిన రోజున చెప్పగలిగినవారు లేరు. ఎన్నికల ఫలితాలనాడు కూడా అంతే. 2024 జూన్ 3న సర్వేల అంచనాలు విని సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగసింది, మరునాడు ఓట్ల లెక్కింపులో 4,389 పాయింట్లు పడింది. ఆ రెండు రోజులలో కొని అమ్మినవారి బాధ వర్ణనాతీతం.

అమ్మాలనేవారి వాదం, ఆగాలనేవారి వాదం

అమ్మాలనేవారు ప్రధానంగా ధరకూ లాభానికీ ఉన్న నిష్పత్తిని చూపుతారు. ఒక కంపెనీ షేరుకు ఏడాదికి 10 రూపాయల లాభం వస్తూ, ఆ షేరు 200 రూపాయలకు అమ్ముడవుతుంటే నిష్పత్తి 20. అదే షేరు 400కు చేరి, లాభం మాత్రం 10 వద్దే ఉంటే నిష్పత్తి 40. కంపెనీలో మార్పు లేదు, కొనేవారి ఉత్సాహమే రెట్టింపయింది. పంటలో మార్పు లేకుండా పొలం ధర రెట్టింపయినట్లే ఇదీ. బెంగళూరు చుట్టుపక్కల, హోసూరు పరిసరాలలో భూముల ధరలను చూసినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. ఇటువంటి సమయంలో కొంత అమ్మి సొమ్ము చేతిలో ఉంచుకొనడం వివేకమని వీరి అభిప్రాయం. సగానికి పడిన షేరు పాత ధరకు రావాలంటే 50 శాతం పెరిగితే చాలదు, 100 శాతం పెరగాలి. ఈ లెక్క కూడా వీరి పక్షానే నిలుస్తుంది.

ఆగాలనేవారు ఇన్ఫోసిస్‌ను చూపుతారు. 1993లో బెంగళూరుకు చెందిన ఆ కంపెనీ 95 రూపాయలకు షేరు ఇవ్వజూపితే కొనేవారు చాలక ఇష్యూ పూర్తిగా నిండలేదు. నాడు 9,500 రూపాయలు పెట్టి 100 షేర్లు కొని, ఒక్కటి కూడా అమ్మనివారికి 1994 నుంచి 2018 వరకు వచ్చిన బోనస్‌లు, ముఖవిలువ విభజనతో కలిపి 1,02,400 షేర్లు అయ్యాయి. లెక్క నిజమే. అయితే 2000 తరువాతి పతనాన్ని, 2003 ఏప్రిల్‌లో ఒక్కరోజే నాలుగో వంతుకు పైగా ధర పడిపోయిన దినాన్ని తట్టుకొని ఆ షేర్లను అట్టేపెట్టుకొన్నవారు ఎందరు? పైగా 1993లో ఇన్ఫోసిస్‌తోపాటు ఇష్యూకు వచ్చిన కంపెనీలలో అనేకం నేడు పేరుకైనా లేవు. గెలిచిన ఒక్క గుర్రాన్ని చూపి పందెం మంచిదనడం వంటిది ఈ వాదం. అయినా పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. మాటిమాటికి అమ్మి కొనేవారికి దళారీ రుసుము, పన్ను తప్పవు. 2024 జూలై 23 తరువాత అమ్మిన షేర్లకు, ఏడాది దాటినవైతే, లక్షా పాతిక వేలకు మించిన లాభం మీద 12.5 శాతం పన్ను, ఏడాది లోపువైతే లాభం మీద 20 శాతం పన్ను నిర్ణయించారు.

సత్యం చెప్పిన పాఠం

తెలుగువారి ఇళ్లలో ఈ చర్చ ఎప్పుడు జరిగినా సత్యం కంప్యూటర్స్ ప్రస్తావన రాక తప్పదు. హైదరాబాదుకు చెందిన ఈ కంపెనీ ఒకప్పుడు సెన్సెక్స్‌లోని 30 కంపెనీలలో ఒకటిగా ఉండేది. తెలుగువాడు స్థాపించిన కంపెనీ అనే అభిమానంతో కొన్నవారు రాష్ట్రంలోనే కాక సరిహద్దులకు ఆవల కూడా ఉండేవారు. 2008లో సత్పరిపాలనకుగాను దీనికి గోల్డెన్ పీకాక్ పురస్కారం లభించింది. 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు లేఖ వెలువడింది. ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,000 కోట్లకు పైగా అసలు లేనేలేవని అందులోని సారాంశం. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆనాటి సాయంత్రానికి 40 రూపాయలయింది.

ఇక్కడ ధర-లాభాల నిష్పత్తి, పురస్కారం, సూచీలో స్థానం, ఏవీ మదుపరిని కాపాడలేదు. లాభమే కల్పితమైనప్పుడు నిష్పత్తికి అర్థమేమున్నది? అందరికంటె ఎక్కువ చితికినవారు ఆ కంపెనీలోనే ఉద్యోగం చేస్తూ, ఆ షేర్లనే దాచుకొన్నవారు. జీతమూ దాచినదీ ఒకేసారి ప్రమాదంలో పడ్డాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న కుటుంబాలు నేటికీ ఈ పొరపాటు చేస్తూనే ఉన్నాయి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున సత్యాన్ని దక్కించుకొన్నది. 2013లో జరిగిన విలీనంలో ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. కొందరికి కాలక్రమంలో కొంత ఊరట లభించింది గాని, 40 రూపాయలకు అమ్ముకొన్నవారికి అదీ దక్కలేదు.

సొమ్ము ఎవరిది, ఎప్పటికి కావాలి?

మార్కెట్ ఎటు పోతుందన్న ప్రశ్నకంటె ఈ ప్రశ్న ముఖ్యమైనది. ఇంట్లో తండ్రీ కొడుకులు వాదించుకొనేటప్పుడు తరచుగా ఇద్దరూ రెండు వేర్వేరు సొమ్ముల గురించి మాట్లాడుతుంటారు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగికి నెలనెలా జీతం వస్తుంది. మార్కెట్ పడితే తరువాతి నెల చౌకగా కొనగలడు. అరవై దాటిన తండ్రికి ఆ అవకాశం లేదు. ఆయనకు 2008 వంటి పతనం ఎదురైతే మందులకూ ఇంటి ఖర్చుకూ అట్టడుగు ధరకు అమ్ముకోవలసి వస్తుంది. కనుక మూడు నాలుగేళ్లలో పెండ్లికి, చదువుకు, ఇంటికి కావలసిన సొమ్ము మార్కెట్ ఎంత బాగున్నా షేర్లలో ఉండదగదు. బ్యాంకు డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి ఐదు లక్షల వరకు బీమా కలదు. షేర్లకు అటువంటి హామీ లేదు. పదేళ్లకు పైగా అక్కర లేని సొమ్మును మాత్రం పూర్తిగా డిపాజిట్లలోనే ఉంచితే ధరల పెరుగుదల దానిని నెమ్మదిగా తినివేస్తుంది. తండ్రి వాదంలోని లోపం ఇదే. షేర్లకు ఒక వాటా నిర్ణయించుకొని, ఏడాదికొకసారి చూసి, పెరిగినదానిలో కొంత అమ్మి వాటాను యథాస్థానానికి తెచ్చుకొనేవారు అమ్మాలా ఆగాలా అన్న తగవు నుంచి చాలావరకు బయటపడతారు.

ఫ్యూచర్స్, ఆప్షన్స్ మీద ఈ చర్చ వర్తించదు. అది మదుపు కాదు, పందెం. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈ వ్యాపారం చేసిన కోటి మందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని 2024 సెప్టెంబరులో సెబీయే ప్రకటించింది. సెల్‌ఫోన్ బృందాలలో "రేపు ఈ షేరు పెరుగుతుంది" అని చెప్పేవారిలో సెబీ వద్ద నమోదైనవారు ఎందరో ముందు అడగవలసి ఉన్నది.

సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి కలదు. తాతల నాటి కాగితపు షేరు పత్రాలు పెట్టెలలో దొరుకుతుంటాయి. పత్రం మీద ఇంటిపేరుతో సహా తెలుగు పద్ధతిలో పేరు, తమిళనాడులో తీసిన కార్డు మీద తండ్రి పేరు తొలి అక్షరంతో మరో పేరు, కర్ణాటకలోని బ్యాంకు పుస్తకంలో ఊరిపేరు చేర్చిన ఇంకో పేరు ఉంటాయి. మూడూ ఒక్కరివేనని నిరూపిస్తే తప్ప పని జరగదు. 2019 ఏప్రిల్ నుంచి కాగితపు షేర్లను డీమ్యాట్ చేయకుండా అమ్మడానికి వీలులేదు. వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లు ప్రభుత్వ మదుపరుల రక్షణ నిధికి బదిలీ అవుతాయి. అయినా హక్కు పోదు. వారసులు ముందుగా కంపెనీ నుంచి అర్హత పత్రం పొంది, ఐఈపీఎఫ్-5 అనే దరఖాస్తుతో వాటిని తిరిగి కోరవచ్చును. డీమ్యాట్ ఖాతాలో నామినీ పేరును, పాన్ కార్డు మీద ఉన్న పేరును ఒకే వరుసలో రాయించుకొంటే తరువాతి తరానికి ఈ తిరుగుడు తప్పుతుంది.