పాఠం చెప్పినవారు, పట్టెడన్నం పెట్టినవారు

విజయనగరం అనగానే పరప్రాంతాల వారికి తుంగభద్రా తీరంలోని హంపీ విజయనగరం స్ఫురించడం మా ప్రాంతం వారికి అలవాటైపోయిన విషయమే. మా విజయనగరం పూసపాటి వారిది, గురజాడ వారిది, ఆదిభట్ల వారిది, ద్వారం వారిది. ఆ ఊరి మహారాజా సంగీత కళాశాలలో చదివి పేరు పొందిన గాయకుల జాబితాను అడిగినవారికీ అడగనివారికీ మేము గర్వంగా అప్పజెబుతూ ఉంటాము. అయితే వారికి విద్య చెప్పినదెవరు? వారు చదువుకున్నన్నాళ్ళూ వారి ఆకలి తీర్చినదెవరు? ఈ రెండు ప్రశ్నలూ కలిపి చూస్తే తప్ప ఆ కళాశాల చరిత్ర పూర్తి కాదని నా అభిప్రాయం.

దాని పుట్టుక వెనుక ఒక అంధ బాలుడున్నాడు. సంస్థానంలో ఉద్యోగి అయిన చాగంటి జోగారావు గారి కుమారుడు గంగబాబుకు చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న సంకల్పంతో విజయరామ గజపతి మహారాజు 1919 ఫిబ్రవరి 5వ తేదీన ఈ పాఠశాలను నెలకొల్పారు. తలచుకుంటే ఒక విద్వాంసుణ్ణి ఇంటికి పంపి పాఠం చెప్పించగల ప్రభువు ఆయన. అలా చేయక, ఒక్కడి అవసరాన్ని పదిమందికీ తలుపు తెరిచే నెపం చేసుకున్నారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో ఏర్పడింది. అంటే, దానికన్నా తొమ్మిదేళ్ళ ముందే మన ఉత్తరాంధ్రలో సంగీతం నేర్పేందుకు ఒక సంస్థ వెలసిందన్నమాట.

దానికి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. 1864లో బొబ్బిలి సమీపాన అజ్జాడలో జన్మించిన దాసుగారికి అప్పటికి యాభై నాలుగేళ్ళు. కాళ్ళకు గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, ఆంధ్రదేశమంతటా హరికథలు చెప్పిన మహానుభావుడాయన. గానం, నృత్యం, అభినయం, కవిత్వం ఒక్క మనిషిలో కలిస్తేనే హరికథ. అటువంటి కళాకారుణ్ణి తెచ్చి హాజరు పట్టీలున్న బడికి పెద్దను చేయడం ఆ రోజుల్లో సాహసమే అయివుంటుంది. ఆయన 1936 దాకా ఆ స్థానంలో ఉన్నారు. ఒమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చిన గ్రంథం ఆ కాలంలోనిదే. బడిపెత్తనం ఆయన విద్యను ఎండగట్టలేదు.

ద్వారం వెంకటస్వామినాయుడు గారి కథ మా ప్రాంతంలో పెద్దలందరూ చెప్పుకునేదే. విశాఖపట్నంలో పెరిగి, అన్నగారి వద్ద ఫిడేలు నేర్చుకున్న ఈ పాతికేళ్ళ యువకుడు విద్యార్థిగా చేరదామని వచ్చారట. ఆయన వాయించగా విన్న దాసుగారు, నువ్వు నేర్చుకోవలసినవాడవు కావు, నేర్పవలసినవాడవని ఆచార్య పదవి ఇప్పించారట. చూపు మందగించి బడిచదువు సాగని నాయుడుగారు, చూపులేని బిడ్డ కోసం పుట్టిన బడిలో గురువు కావడం నాకెప్పుడూ విశేషంగానే తోస్తుంది. గాత్రానికి పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును సోలో కచేరీ స్థాయికి తెచ్చిన ఘనత ఆయనది. 1936లో దాసుగారి అనంతరం కళాశాల అధ్యక్షులయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ పొందారు. తన విద్య కాని విద్యలో గొప్పవాణ్ణి వినీ వినగానే గుర్తించి చేయి పట్టి లోపలికి తీసుకురావడం - కళాసంస్థను నడిపేవారికి ఇంతకన్న మించిన యోగ్యత ఏముంటుంది?

నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేశాను. మా గురువుగారు ఒక్క పద్యం పట్టుకుంటే పొద్దు వాలేదాకా వదిలేవారు కారు. ఆ తరువాత నేను బడిలో చేరి, అదే పద్యాన్ని నలభై అయిదు నిమిషాల గంటలో ముగించడం నేర్చుకున్నాను. కనుక గురుకులపు విద్యను గంట కొట్టే బడిలోకి తేవడంలోని ఇబ్బంది నాకు కొంత తెలుసు. గురుకులంలో శిష్యుడు గురువుగారి ఇంట్లోనే ఉండి, తెల్లవారుజాము సాధన మొదలు అన్నీ వింటాడు. బడిలో గంట మోగితే ఎవరి దారి వారిదే. గురుకులంలో తిండి గురుపత్ని చూసుకుంటుంది. బడిలో ఆ చింత ఎవరిది?

విజయనగరంలో ఆ చింత ఊరు పడింది. కృష్ణాజిల్లా చౌటపల్లి నుంచి, తండ్రిని పోగొట్టుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావు అనే పిల్లవాడు సంగీతం కోసం ఇంత దూరం వచ్చాడు. చేతిలో కాసు లేదు. జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నాడు. మధూకరమంటే బిచ్చం కాదు. తేనెటీగ పువ్వుకొక చుక్క సేకరించినట్లు విద్యార్థి ఇంటికొక ముద్ద స్వీకరించడం. పెట్టినవారికి అది పుణ్యం, తిన్నవారికి హక్కు. వారాలు చేసుకుని చదివిన మా పెద్దల తరానికి దీన్ని విప్పి చెప్పనక్కరలేదు.

ఆ పిల్లవాణ్ణి చేరదీసి విద్య చెప్పినవారు కళాశాలలో గాత్రం బోధించిన పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరు చిన్న గురువుగారంటే మా వైపు అందరికీ తెలుసు. హార్మోనియం తానే వాయించుకుంటూ పాడేవారు. శిష్యుడికి మాట పలుకులో స్పష్టత, భావం చెడని గానం అబ్బాయంటే ఆ గురుత్వం ఊరకే పోలేదన్నమాట. తరువాతి కాలంలో చిన్న గురువుగారి కుమారులు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఘంటసాల వారికి సంగీతంలో సహాయకులై నిలిచారు. వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం సమకూర్చినవారూ వారే. నూరేళ్ళ నిండు జీవితం గడిపి 2021లో కన్నుమూశారు. 1935లో విజయనగరంలోనే పుట్టిన పి. సుశీల గారు కూడా ఈ కళాశాల విద్యార్థినే.

దాసుగారు 1945లోనూ, నాయుడుగారు 1964లోనూ స్వర్గస్థులయ్యారు. కళాశాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా మారి, 2019లో నూరేళ్ళు పూర్తి చేసుకుంది. ప్రభుత్వం భవనం కట్టగలదు, జీతం ఇవ్వగలదు, పట్టా ఇవ్వగలదు. విద్యార్థిగా వచ్చినవాణ్ణి ఆచార్యుణ్ణి చేసే అధికారం మాత్రం నేటి నియమావళిలో ఎవరికీ లేదు. నియమాలు అక్కరలేదని నా వాదన కాదు. సిఫారసులకు అడ్డుకట్ట కావాలి కదా. కాని ఆ నియమాల మధ్యనే, పట్టా లేని విద్వాంసుణ్ణి నెలకొకసారైనా పిలిచి పిల్లల ముందు కూర్చోబెట్టే వెసులుబాటు ఉండకూడదా?

చివరిగా విజయనగరం మిత్రులకు ఒక మనవి. రాజుగారి పేరు, గురువుల పేర్లు, శిష్యుల పేర్లు చరిత్రకెక్కాయి. ఆ శిష్యుల జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ళ పేర్లు నేను చదివిన ఏ జీవితచరిత్రలోనూ కనబడలేదు. ఆనాడు తల్లి కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడి అది చూసిన పిల్లలెవరైనా ఉంటే, వారికిప్పుడు తొంభై దాటి ఉంటాయి. మీ ఇళ్ళలో అటువంటి పెద్దలుంటే ఈ పండక్కి వెళ్ళినప్పుడు దగ్గర కూర్చుని అడగండి. ఏ వీధి, ఏ ఇల్లు, ఏ అమ్మ - తేదీతో సహా రాసిపెట్టండి. ఆలస్యం చేస్తే అడగడానికి మనుషులుండరు.