పాత పాటకు ముగ్గురు కాపుదారులు



సినిమా పోయినా పాట మిగలడం మనందరికీ అనుభవమే. ఆ బొమ్మ ఎవరు తీశారో, అందులో ఎవరు వేషం వేశారో మరిచిపోతాం. పాట మాత్రం నోట ఆడుతూనే ఉంటుంది. అమెరికాలోనూ అలా మిగిలిన పాటలు కొన్ని వందలు ఉన్నాయి. అక్కడి జాజ్ సంగీతకారులు వాటిని 'స్టాండర్డ్స్' అంటారు. అంటే ప్రతి వాద్యకారుడికీ వచ్చి తీరవలసిన పాటలన్నమాట. ఈ పాటలు పియానో, బాస్, డ్రమ్స్ అనే మూడు వాద్యాల చేతికి ఎలా వచ్చాయో, ఆ ముగ్గురూ వాటిని ఎలా నిలబెట్టారో ఈ రోజు ముచ్చటించుకుందాం.

ముందు పాటల సంగతి. వీటిలో ఎక్కువ భాగం 1920 నుంచి 1950 వరకూ న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే సంగీత నాటకాల కోసం, హాలీవుడ్ చిత్రాల కోసం కట్టినవి. కట్టినవారిలో చాలామంది వలస వచ్చిన కుటుంబాలవారు. ఇర్వింగ్ బెర్లిన్ 1888లో రష్యా సామ్రాజ్యంలో పుట్టి, ఐదేళ్ళ వయసులో తల్లిదండ్రులతో న్యూయార్క్ చేరాడు. జార్జ్ గెర్ష్విన్ తల్లిదండ్రులూ రష్యా నుంచి వచ్చిన యూదులే. 'ఆటమ్ లీవ్స్' అని ప్రపంచమంతా పాడుకునే పాట అసలు అమెరికా పాటే కాదు. బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్ చేరిన జోసెఫ్ కోస్మా దానికి వరస కట్టాడు. ఫ్రెంచి కవి జాక్ ప్రెవేర్ మాటలు రాశాడు. ఇంగ్లీషు మాటలు తరువాత జానీ మెర్సర్ సమకూర్చాడు.

ఇంకొక ఉదాహరణ చూడండి. 1939లో జెరోమ్ కెర్న్, ఆస్కార్ హామర్‌స్టైన్ కలిసి 'వెరీ వార్మ్ ఫర్ మే' అనే సంగీత నాటకం వేశారు. 59 ప్రదర్శనలతో అది మూతబడింది. కానీ అందులోని 'ఆల్ ది థింగ్స్ యూ ఆర్' అనే పాటను ఈనాటికీ జాజ్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ సాధన చేస్తాడు. నాటకం చూసినవాళ్ళు ఆ పాటను కాపాడలేదు. దానితో ఏ సంబంధమూ లేని వాద్యకారులు కాపాడారు. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివారు. ఆ నాటకశాలలు తెల్లవారి కోసం కట్టినవి. పుట్టిన ఇల్లు ఒకటి, పెరిగిన ఇల్లు మరొకటి అయింది ఆ పాటకు.

మరి వాద్యకారులకు ఈ పాటల్లో ఏం నచ్చింది? వాటి కొలత నచ్చింది. ఎక్కువ పాటలు 32 బార్ల కొలతలో ఉంటాయి. బార్ అంటే సాధారణంగా నాలుగు దెబ్బల లెక్క. మొదట ఎనిమిది బార్ల వరస ఒకటి వస్తుంది. దాన్నే మళ్ళీ పాడతారు. తరువాత ఎనిమిది బార్లు వేరే దారిలో పోతాయి. దాన్ని 'బ్రిడ్జ్', అంటే వంతెన అంటారు. చివరకు మళ్ళీ మొదటి వరసకు చేరతారు. వరస కింద కార్డులు నడుస్తూ ఉంటాయి. మూడు నాలుగు స్వరాలు ఒక్కసారిగా మోగిస్తే దాన్ని కార్డ్ అంటారు. ఏ చోట ఏ కార్డ్ రావాలో ఒక క్రమం ఉంటుంది.

జాజ్ వాద్యకారుడు ముందు పాట వరసను ఒకసారి వినిపిస్తాడు. ఆ తరువాత వరసను వదిలేస్తాడు. అదే 32 బార్ల చుట్టు మీద, అదే కార్డుల క్రమం మీద, అప్పటికప్పుడు తోచినది వాయిస్తాడు. ఎన్ని చుట్లు తిరిగినా చివరకు వరసకే వస్తాడు. మన కచేరీలో విద్వాంసుడు కృతి పాడి, నెరవు చేసి, కల్పన స్వరాలు వేసి, మళ్ళీ పల్లవి ఎత్తుగడకు సరిగ్గా వచ్చి చేరడం మీరు విన్నారు కదా. ఇంచుమించు అలాంటిదే. తేడా ఎక్కడంటే, మనవారు రాగం గీత దాటరు. వారు కార్డుల గీత దాటరు.

ఇక్కడ డబ్బుకు సంబంధించిన చిక్కు ఒకటుంది. పాట వరసకు, మాటలకు కాపీరైటు ఉంటుంది. దాని కింద నడిచే కార్డుల క్రమానికి ఉండదు. కాబట్టి పాత పాటను రికార్డు చేస్తే, పాట మీద రావలసిన రాయల్టీ దాన్ని కట్టినవారికీ, ప్రచురణకర్తకూ పోతుంది. దాని మీద వాద్యకారుడు పది నిమిషాలు కొత్తగా కల్పించినా ఆ లెక్కలో అతనికి వాటా లేదు. అందుకే 1940లలో చార్లీ పార్కర్ తరంవారు పాత కార్డుల మీద కొత్త వరసలు కట్టి తమ పేరు పెట్టుకోవడం మొదలుపెట్టారు. 1945లో పార్కర్ రికార్డు చేసిన 'కో కో' అనే వాద్యఖండం కింద ఉన్నది 'చెరొకీ' అనే పాత పాటే. అలా చూస్తే, వరసను దాచకుండా పాత పాటను పాత పేరుతోనే వాయించడం కొంత నష్టానికి ఒప్పుకోవడమే. అయినా వాయించారు. ఆ పాటల మీద ప్రేమ అంతటిది.

ఇక ముగ్గురి మేళం. 1937లో నాట్ కింగ్ కోల్ లాస్ ఏంజెలెస్‌లో పియానో, గిటారు, బాస్‌లతో ఒక త్రయం ఏర్పాటు చేశాడు. డ్రమ్స్ లేవు. 1943లో ఆర్ట్ టేటమ్ కూడా ఆ పద్ధతినే పట్టాడు. కెనడావాడైన ఆస్కార్ పీటర్సన్ 1950లలో గిటారుకు హెర్బ్ ఎల్లిస్‌ను, బాస్‌కు రే బ్రౌన్‌ను పెట్టుకుని ఎంతో పేరు తెచ్చుకున్నాడు. ఈలోగా 1947లో బడ్ పవెల్ బాస్‌తో, డ్రమ్స్‌తో కలిసి రికార్డు చేశాడు. క్రమంగా ఆ అమరికే స్థిరపడింది. బాస్ అంటే మనిషి ఎత్తు దాటిన పెద్ద వయొలిన్ లాంటి వాద్యం. నిలబడి వేళ్ళతో మీటుతారు.

ఈ మేళంలో పని పంపకం ఖచ్చితంగా ఉండేది. పియానో యజమాని. బాస్ బారుకు నాలుగు దెబ్బల చొప్పున నడక నడవాలి. డ్రమ్స్ కాలం తప్పకుండా చూడాలి. 1958 జనవరిలో షికాగోలోని పెర్షింగ్ హోటల్లో అహ్మద్ జమాల్ వాయించినప్పుడు ఈ పంపకం కాస్త సడలింది. జమాల్ పియానో మధ్య మధ్య ఊరుకునేది. ఆ ఖాళీలో ఇజ్రాయెల్ క్రాస్బీ బాస్, వెర్నెల్ ఫోర్నియర్ డ్రమ్స్ ముందుకు వచ్చేవి. 'పాయిన్సియానా' అనే పాత పాట ఉన్న ఆ రికార్డు రెండేళ్ళకు పైగా అమ్మకాల పట్టికలో నిలిచింది. ఊరుకోవడం కూడా సంగీతమేనని జనం ఒప్పుకున్నారన్నమాట.

పంపకాన్ని పూర్తిగా మార్చినవాడు బిల్ ఎవాన్స్. 1929లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో పుట్టాడు. 1958లో మైల్స్ డేవిస్ బృందంలో పియానో వాయించాడు. ఆ బృందంలో తెల్లవాడు అతనొక్కడే. కొందరు శ్రోతలకు అది గిట్టలేదు. అయినా 1959లో డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డు చేసేటప్పుడు మళ్ళీ అతన్నే పిలిపించాడు. ఆ ఏడాది చివర ఎవాన్స్ తన త్రయం కట్టాడు. బాస్‌కు స్కాట్ లఫారో, డ్రమ్స్‌కు పాల్ మోషన్. లఫారోకు అప్పటికి 23 ఏళ్ళు. బాస్ చేతబట్టింది 18వ ఏట.

ఎవాన్స్ కోరింది ఒక్కటే. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకోవాలి, ఎవరూ ఎవరికీ వంత పాడకూడదు. 1959 డిసెంబరు 28న రికార్డు చేసిన 'పోర్ట్రైట్ ఇన్ జాజ్'లో 'ఆటమ్ లీవ్స్' వినండి. పాట వరస అయిపోగానే బాస్ నడక ఆగిపోతుంది. బాస్ ఒక మాట అంటుంది, పియానో జవాబు చెబుతుంది, డ్రమ్స్ మధ్యలో కల్పించుకుంటుంది. దెబ్బ ఎవరూ గట్టిగా కొట్టి చూపరు. అది ముగ్గురి మనసులోనూ నడుస్తూ ఉంటుంది. ఒక్కరు లెక్క తప్పినా మేళం కూలుతుంది. పక్కవాడి మీద అంత నమ్మకం ఉంటేనే ఈ పని సాధ్యం.

1961 జూన్ 25 ఆదివారం. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో 'విలేజ్ వాన్‌గార్డ్' అనే నేలమాళిగ క్లబ్బు ఉంది. 1935లో మాక్స్ గోర్డన్ తెరిచిన ఆ క్లబ్బు ఈనాటికీ నడుస్తోంది. నూటికి కొంచెం పైగా మనుషులు పట్టే చిన్న గది. రివర్‌సైడ్ కంపెనీ నిర్మాత ఒరిన్ కీప్‌న్యూస్ రికార్డింగు సామగ్రితో అక్కడికి వచ్చాడు. మధ్యాహ్నం రెండు విడతలు, సాయంత్రం మూడు విడతలు, మొత్తం ఐదు విడతలు ఆ ముగ్గురూ వాయించారు. మొదటి పాటకే కరెంటు పోయి రికార్డింగు మధ్యలో తెగింది. కరెంటు కోత మనకు కొత్త కాదు గనుక ఆ సంగతి వింటే నవ్వొస్తుంది. తెగిన ఆ ముక్క కూడా 2005లో మొత్తం రికార్డింగులతో పాటు వెలువడింది.

ఆ రోజు వాయించినవాటిలో చాలా మట్టుకు పాత పాటలే. 'మై ఫూలిష్ హార్ట్' 1949 నాటి సినిమా పాట. 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' 1951లో డిస్నీ తీసిన పిల్లల బొమ్మల సినిమాలోది. 'మై రొమాన్స్' 1935 నాటి నాటకంలోది. 'మై ఫూలిష్ హార్ట్' లో ఎవాన్స్ కల్పన చేసింది బహుకొంచెం. వరసనే అతి నెమ్మదిగా, ఒక్కొక్క స్వరం ఆరిపోయేదాకా ఆగి వాయించాడు. మోషన్ బ్రష్షులతో సింబల్స్‌ను తాకీ తాకనట్టు తాకాడు. జాగ్రత్తగా వింటే గ్లాసుల చప్పుడు, పక్క బల్లల మీద మాటలు, ఎవరిదో నవ్వు వినిపిస్తాయి. తమ ఎదుట ఏం జరుగుతోందో ఆ వచ్చినవారిలో కొందరికి పట్టలేదు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. అది వాళ్ళకు మామూలు ఆదివారమే.

సరిగ్గా 11 రోజులకు, జులై 6న, న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన కారు ప్రమాదంలో లఫారో చనిపోయాడు. 25 ఏళ్ళవాడు. ఎవాన్స్ కొన్ని నెలల పాటు కచేరీ చేయలేకపోయాడు. ఆ ఆదివారం టేపుల నుంచి మొదటి రికార్డును ఎంచేటప్పుడు లఫారో బాస్ బాగా వినిపించే ఖండాలనే తీసుకున్నారు. అతను స్వయంగా కట్టిన రెండు ఖండాల్లో ఒకటి మొదటా, ఒకటి చివరా పెట్టారు. మిగిలిన పాటల్లో కొన్ని మరుసటి ఏడు 'వాల్ట్జ్ ఫర్ డెబ్బీ' పేరుతో వచ్చాయి. ఎవాన్స్ తరువాత కొత్తవాళ్ళతో త్రయాలు కట్టాడు, మంచి రికార్డులు ఇచ్చాడు. అప్పటికే పట్టుకున్న మత్తుమందుల అలవాటు మాత్రం అతని ఒంటిని తినేసింది. 1980 సెప్టెంబరు 15న 51వ ఏట కన్నుమూశాడు.

మనిషి పోయినా ఆ పద్ధతి పోలేదు. 1983 జనవరిలో కీత్ జారెట్ న్యూయార్క్ స్టూడియోలో గారీ పీకాక్, జాక్ డిజానెట్‌లతో కలిసి పాత పాటల రికార్డులు చేశాడు. అప్పటికి జారెట్ ఒంటరిగా పియానో ముందు కూర్చుని, ముందే రాసుకున్నది ఏదీ లేకుండా కచేరీలు చేసి ప్రపంచ ఖ్యాతి పొందినవాడు. అలాంటివాడు సినిమా పాటల దగ్గరకు రావడం చాలామందికి వింతగా తోచింది. కానీ చూడండి, పీకాక్ 1963లో ఎవాన్స్ త్రయంలో వాయించినవాడు. డిజానెట్ 1968లో ఎవాన్స్‌తో వాయించాడు. పాల్ మోషన్ అంతకుముందు జారెట్ బృందంలోనే ఉన్నాడు. గురుశిష్య పరంపర అని వాళ్ళు పేరు పెట్టుకోలేదు గానీ విద్య అలాగే చేతులు మారింది. ఆ ముగ్గురూ 2014 వరకూ కలిసి వాయించారు.

ఈ కథ నేను మీకు చెప్పడానికి కారణం ఉంది. మీలో చాలామంది తెలుగు నేలకు అవతల తరతరాలుగా స్థిరపడ్డవారు. ఇంటి మాట ఒకటి, బజారు మాట ఒకటి. అమ్మమ్మ పాడిన పాట మనవలకు ఎలా అందుతుందన్న దిగులు మీకు ఉంటుంది. త్యాగరాజస్వామి తెలుగు కృతులను కట్టింది తమిళదేశంలోని తిరువయ్యారులో. వాటిని ఈనాటికీ నిలిపినవారిలో తెలుగు ఇంటి భాష కానివారు ఎందరో. పాట పుట్టిన చోటే ఉండి తీరాలని లేదు. ఉన్న చోట దాన్ని రోజూ ఎత్తుకునే నోరు కావాలి, వినే మరొక చెవి కావాలి. ఉన్నది ఉన్నట్టు పెట్టెలో దాస్తే పాట బతకదు. వరస మరిచిపోయి ఇష్టం వచ్చినట్టు పోయినా బతకదు. వరస తెలిసి, కొంత దూరం పోయి, తిరిగి వచ్చేవాళ్ళ దగ్గరే అది బతికింది.

ఈ రికార్డులు మీకు ఎక్కడైనా దొరికితే, 'మై రొమాన్స్' గాని 'ఆటమ్ లీవ్స్' గాని తీసుకుని మూడుసార్లు వినండి. మొదటిసారి పియానోను పట్టుకుని వెళ్ళండి. రెండోసారి పియానోను వదిలి బాస్‌ను మాత్రమే వినండి. మొదట్లో చెవికి అందదు, అడుగున ఎక్కడో ఉంటుంది, ఓపిక పట్టండి. మూడోసారి డ్రమ్స్. అటు తరువాత ముగ్గురినీ కలిపి వింటే, ఒకరి మాట ఒకరు ఎప్పుడు విన్నారో, ఎవరు ఎవరికి దారి ఇచ్చారో మీకే తెలుస్తుంది.