విదేశాల్లో మరణశిక్ష: భారత దౌత్య యత్నాలు, వాటి పరిమితులు

వివిధ దేశాల్లో మరణశిక్ష పడి, దాని అమలు జరగని స్థితిలో ఉన్న భారతీయులు 49 మంది అని కేంద్ర ప్రభుత్వం 2025 మార్చిలో రాజ్యసభకు తెలియజేసింది. వీరిలో 25 మంది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో, 11 మంది సౌదీ అరేబియాలో, ఆరుగురు మలేసియాలో, ముగ్గురు కువైట్‌లో ఉన్నారు. ఇండొనేసియా, ఖతర్, అమెరికా, యెమెన్‌లలో ఒక్కొక్కరు ఉన్నారు.

మరణశిక్షను భారతదేశం రద్దు చేయలేదు. శిక్ష అమలుపై విరామం పాటించాలని కోరుతూ ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2007లో తొలిసారి ఆమోదించిన తీర్మానానికి 104 దేశాలు అనుకూలంగా, 54 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి. వ్యతిరేకించిన దేశాలలో భారత్ ఒకటి. తన న్యాయవ్యవస్థను తానే నిర్ణయించుకొనే హక్కు ప్రతి దేశానికీ ఉందన్నది భారత్ వాదన. అందువల్ల విదేశాలలోని తన పౌరుల విషయంలో భారత్ మరణశిక్ష అనే విధానాన్ని ప్రశ్నించదు. నిందితుని కలుసుకొనే అవకాశం, న్యాయ సహాయం, శిక్ష తగ్గింపు, క్షమాభిక్ష కోరుతుంది.

ఈ యత్నాలకు న్యాయపరమైన ఆధారం 1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం. నిర్బంధంలోకి తీసుకున్న విదేశీయునికి తన దేశ కాన్సులర్ అధికారులను సంప్రదించే హక్కు ఉందని తెలియజేయడం, అతడు కోరితే వారికి సమాచారం పంపడం అందులోని 36వ అధికరణం ప్రకారం అక్కడి అధికారుల బాధ్యత.

కుల్‌భూషణ్ జాదవ్ కేసులో భారత్ ఆశ్రయించినది ఈ అధికరణాన్నే. పాకిస్థాన్ సైనిక న్యాయస్థానం ఆయనకు మరణశిక్ష విధించినట్లు 2017 ఏప్రిల్‌లో వెల్లడైంది. మే నెలలో భారత్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. పాకిస్థాన్ ఒప్పందాన్ని ఉల్లంఘించిందని, శిక్షను సమర్థంగా పునస్సమీక్షించాలని ఆ న్యాయస్థానం 2019 జులై 17న 15–1 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. శిక్షను రద్దు చేసి జాదవ్‌ను విడుదల చేయాలన్న అభ్యర్థనను మాత్రం అంగీకరించలేదు.

న్యాయస్థానాల వెలుపల ప్రభుత్వాల మధ్య సంప్రదింపులు ఫలించిన సందర్భాలూ ఉన్నాయి. మాదకద్రవ్యాల కేసులో ఐదుగురు తమిళనాడు మత్స్యకారులకు శ్రీలంక న్యాయస్థానం 2014 అక్టోబరులో మరణశిక్ష విధించగా, మరుసటి నెలలోనే అధ్యక్షుడు మహింద రాజపక్స క్షమాభిక్ష ప్రసాదించారు. ఖతర్‌లో 2023 అక్టోబరులో ఎనిమిదిమంది భారత నౌకాదళ మాజీ సిబ్బందికి మరణశిక్ష పడింది. వారిలో ఒకరు విశాఖపట్నం వాసి. అప్పీలు న్యాయస్థానం డిసెంబరులో దానిని జైలుశిక్షగా తగ్గించింది. 2024 ఫిబ్రవరిలో ఎనిమిదిమందినీ ఖతర్ విడుదల చేసింది.

గల్ఫ్ దేశాలలో, యెమెన్‌లో హత్య కేసులకు మరొక మార్గం ఉంది. ఇస్లామిక్ న్యాయశాస్త్రం ప్రకారం మృతుని కుటుంబం ‘దియా’ అనే పరిహారం స్వీకరించి క్షమిస్తే నేరస్థునికి మరణశిక్ష తప్పుతుంది. ఇక్కడ నిర్ణయం ప్రభుత్వానిది కాదు, ఆ కుటుంబానిది. కాబట్టి దౌత్యవేత్తల పాత్ర మధ్యవర్తిత్వానికి తోడ్పడడం వరకే.

యెమెన్‌లో హత్య కేసులో శిక్ష పడిన కేరళ నర్సు విషయంలో ఈ పరిమితి మరింత స్పష్టమైంది. ఆమె ఉన్న సనా నగరం హూతీల అధీనంలో ఉంది. అక్కడ భారత రాయబార కార్యాలయం లేదు. తాము చేయగలిగినది పరిమితమేనని కేంద్రం 2025 జులై 14న సుప్రీంకోర్టుకు నివేదించింది. ఆ నెల 16న జరగవలసిన శిక్ష అమలు చివరి ఘడియలో వాయిదా పడింది.

యత్నాలు ఫలించని సందర్భాలు కూడా ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ముగ్గురు భారతీయులకు మరణశిక్ష అమలైంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి ఉపాధి కోసం గల్ఫ్‌కు వెళ్లేవారు గమనించవలసిన విషయం ఒకటుంది. అరెస్టయిన వెంటనే, వాంగ్మూలంపై సంతకం చేయకముందే, భారత రాయబార కార్యాలయానికి సమాచారం ఇవ్వాలని కోరడం వారి హక్కు. వారి కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. న్యాయవాది, అనువాదకుడు విచారణ దశలోనే అందుబాటులో ఉంటే, తీర్పు తరువాత క్షమాభిక్ష ఒక్కటే ఆధారం కావలసిన పరిస్థితి చాలావరకు తప్పుతుంది.