పింగ్ చేసి చూశారా? నిద్రలేని రాత్రుల్లో పుట్టిన నెట్‌వర్క్ టూల్స్ కథ



గేమ్ ఆడేటప్పుడు స్క్రీన్ మూలలో ఒక నంబర్ కనబడుతుంది కదా. 40 ఎంఎస్ ఉంటే హ్యాపీ. 200 దాటిందంటే స్క్వాడ్‌లో ఎవడో ఒకడు "అరేయ్, పింగ్ హై ఉంది రా" అని అరుస్తాడు. ఆఫీసులో మేనేజర్ కూడా "ఫ్రీ అయ్యాక నాకు పింగ్ చెయ్" అంటాడు. ఇంతమంది నోట్లో నానే ఈ మాట కంప్యూటర్లలోకి వచ్చింది 1983 డిసెంబర్‌లో. అమెరికాలోని మేరీల్యాండ్‌లో, ఒక ఆర్మీ ల్యాబ్‌లో, ఒక్క రాత్రిలో.

దానికి ముందు ఒక నిమిషం వెనక్కి వెళ్దాం. ఇంటర్నెట్‌కి తాత లాంటిది ఆర్పానెట్. దాని రూటర్లను అప్పట్లో ఐఎంపీలు అనేవాళ్లు. వాటన్నిటినీ బీబీఎన్ అనే ఒకే కంపెనీ మసాచుసెట్స్‌లో కూర్చుని చూసుకునేది. ప్రతి ఐఎంపీ తన పరిస్థితి ఏంటో ఆ సెంటర్‌కి రిపోర్ట్ చేస్తూ ఉండేది. దూరంగా ఏ ఊర్లోనో లైను పోతే ఆ ఊరి ఫోన్ కంపెనీ కంటే ముందే వీళ్లకు తెలిసిపోయేది. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీకి మారింది. ఇక ఏ యూనివర్సిటీ నెట్‌వర్క్ అయినా, ఏ ల్యాబ్ నెట్‌వర్క్ అయినా ఒకదానికొకటి కలుపుకోవచ్చు. సూపర్. కానీ ఇన్ని నెట్‌వర్క్‌లు కలిశాక మొత్తాన్ని చూసే కన్ను ఒక్కటీ లేదు. మీ ప్యాకెట్ మీ గేటు దాటాక ఎవరి పొలంలో పడిందో చెప్పే నాథుడు లేడు.

ఆ పరిస్థితిలో ఉన్నాడు మైక్ మ్యూస్. బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో పని, వయసు 25. మనలో చాలామంది ఆ వయసులో ఇంకా నోటీస్ పీరియడ్ లెక్కలు వేసుకుంటూ ఉంటాం. ఆ డిసెంబర్‌లో ల్యాబ్ నెట్‌వర్క్ ఏదో వింతగా ప్రవర్తిస్తోంది. అంతకుముందు జులైలో నార్వేలో జరిగిన ఒక మీటింగ్‌లో డేవ్ మిల్స్ అన్న మాట ఆయనకు గుర్తొచ్చింది. ఈ మిల్స్ ఎవరంటే, ఇవాళ ప్రపంచంలోని కంప్యూటర్ల గడియారాలను సరిచేసే ఎన్‌టీపీని తయారు చేసిన పెద్దాయన. ఐసీఎంపీ ఎకో ప్యాకెట్లు పంపి, అవి తిరిగి రావడానికి పట్టే టైమ్ కొలుస్తున్నానని ఆయన మాటల్లో మాటగా చెప్పారు.

ఐసీఎంపీ అంటే నెట్‌వర్క్ తన కష్టసుఖాలు చెప్పుకునే భాష అనుకోండి. 1981 సెప్టెంబర్‌లో జాన్ పోస్టెల్ దాని రూల్స్ రాశారు. అందులో ఎకో అనే మెసేజ్ ఉంది. ఎవరైనా ఎకో పంపితే, అందుకున్న మెషీన్ అదే డేటాను ఉన్నదున్నట్టు తిరిగి పంపాలి. పరిచయం అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, డబ్బులు అక్కర్లేదు. దారిన పోయేవాడు "అన్నా, ఉన్నావా?" అంటే "ఉన్నా" అనడమే. తర్వాత 1989లో దీన్ని ప్రతి హోస్ట్ తప్పనిసరిగా చేయాల్సిన పనిగా ప్రమాణాల్లో పెట్టారు. ఈ మర్యాద సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, దీని మీదే తర్వాత గొడవంతా.

మ్యూస్ కూర్చుని ప్రోగ్రామ్ రాసేశాడు. కంపైల్ అయింది, పని చేయలేదు. ఎందుకంటే అలాంటి ప్యాకెట్లు పంపే సదుపాయం అసలు కెర్నల్‌లోనే లేదు. ఆయనకు ఒళ్లు మండి కెర్నల్‌లోనే ఆ కోడ్ కూడా రాసి, తెల్లారేలోపు అంతా పని చేయించాడు. సబ్‌మెరైన్ సోనార్‌లో శబ్దం పంపి ప్రతిధ్వని వినడం ఉంటుంది కదా, ఆ శబ్దం పేరే దీనికి పెట్టాడు. పింగ్. అది ఏవో పదాల పొడి అక్షరాలు కాదని ఆయనే రాసుకున్నాడు.

ఇక్కడ కామెడీ ఏంటంటే, ఆయన మొదటి పింగ్ పంపేలోపే పక్కనున్న సహోద్యోగి హార్డ్‌వేర్‌లో లోపం కనిపెట్టి బాగు చేసేశాడు! అంటే ఏ సమస్య కోసం పింగ్ పుట్టిందో, ఆ సమస్యకు అది పనికే రాలేదు. కానీ బర్క్‌లీ వాళ్లు ఆ కోడ్‌ని తమ యునిక్స్‌లో పెట్టుకున్నారు, అక్కడి నుంచి విండోస్ దాకా అన్నిచోట్లకూ పాకింది. ఇదే తన జీవితంలో బాగా పేరొచ్చే పని అవుతుందని ముందే తెలిస్తే ఇంకో రోజో రెండు రోజులో కూర్చుని మరిన్ని ఆప్షన్లు పెట్టేవాణ్ణని మ్యూస్ సరదాగా రాశాడు. 2000 నవంబర్‌లో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి 42 ఏళ్లే.

పింగ్ గురించి తాను విన్నవాటిలో బెస్ట్ అని ఆయన చెప్పిన కథ ఒకటి ఉంది. ఒక అడ్మిన్ ఆఫీసులో ఈథర్‌నెట్ కేబుల్ ఎక్కడో లూజు. కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. ఈ టైపు ఫాల్ట్ పగవాడికి కూడా వద్దు, చూడ్డానికి వెళ్లగానే బాగైపోతుంది. స్క్రీన్ దగ్గర ఒకడు, కేబుల్ దగ్గర ఒకడు ఉండి అరుచుకోవాలి. ఆయన ఏం చేశాడంటే పింగ్ అవుట్‌పుట్‌ని మాటలు పలికే ప్రోగ్రామ్‌కి కలిపి, దాన్ని స్టీరియోకి తగిలించి వాల్యూమ్ పెంచేశాడు. సెకనుకోసారి "పింగ్... పింగ్... పింగ్" అని బిల్డింగ్ అంతా మోత. ఆయన తిరుగుతూ ఒక్కో కనెక్టర్ కదిపి చూశాడు. ఏది కదిపితే మోత ఆగిందో, అదే దొంగ. డాష్‌బోర్డ్ లేదు, లైసెన్స్ లేదు, రెండో మనిషి కూడా అక్కర్లేదు.

సరే, పింగ్ "ఉన్నాడా లేడా" చెబుతుంది. దారిలో ఎక్కడ పోయిందో చెప్పదు. దానికి ఇంకో డిసెంబర్, ఇంకో నిద్రలేని మనిషి కావాల్సి వచ్చింది.

1986 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ నుంచి పక్కనే ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకి డేటా స్పీడ్ సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. కిలోబిట్లు కాదు, ఉత్త బిట్లు. మధ్య దూరం 400 గజాలు. చిట్టీ రాసుకుని నడిచి వెళ్లి ఇవ్వడమే నయం. ఆ ట్రాఫిక్ జామ్ ఎందుకొచ్చిందో తవ్వి, టీసీపీకి బ్రేకులు వేయడం నేర్పినవాళ్లలో ముఖ్యుడు వ్యాన్ జేకబ్‌సన్. అదో పెద్ద కథ, ఇంకోసారి చెప్పుకుందాం. ఆయనే 1988 డిసెంబర్‌లో ఒక రూటింగ్ సమస్య వెంట పడి 48 గంటలు నిద్రపోకుండా ఉంటే, అందులోంచి ట్రేస్‌రూట్ బయటపడింది. దీన్ని చూసి కోడింగ్ నేర్చుకోవద్దు, ఇది కంపైల్ అవ్వడమే నాకు ఆశ్చర్యం అన్నట్టు సోర్స్ కోడ్‌లోనే రాశాడు. దాని కింద టైమ్ కూడా ఉంది, తెల్లవారుజామున 3 గంటల 50 నిమిషాలు.

ఐడియా ఇచ్చింది స్టీవ్ డీరింగ్. మన ఆర్టీసీ బస్సు లెక్కలో చెబుతాను. ప్రతి ప్యాకెట్ మీద టీటీఎల్ అని ఒక నంబర్ ఉంటుంది. ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే అక్కడి రూటర్ ప్యాకెట్‌ని దింపేసి, పంపినవాడికి "మీవాడి టికెట్ ఇక్కడితో అయిపోయింది" అని ఐసీఎంపీలో కబురు పెడుతుంది. ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ నెట్‌వర్క్‌ని నింపేయకుండా పెట్టుకున్న రూల్ ఇది. దారి కనుక్కోవడానికి పెట్టింది కాదు. జేకబ్‌సన్ దాన్ని తిరగేశాడు. కావాలనే ఒక స్టేజీ టికెట్‌తో ఒక ప్యాకెట్ పంపు, మొదటి రూటర్ అడ్రస్ తెలుస్తుంది. రెండు స్టేజీల టికెట్‌తో ఇంకోటి పంపు, రెండోది తెలుస్తుంది. అలా గమ్యం దాకా. చనిపోయిన ప్యాకెట్ల కబుర్లతోనే రోడ్ మ్యాప్ గీశాడు. నాకు మాత్రం పింగ్ కంటే ఇదే అందమైన హ్యాక్.

ట్రేస్‌రూట్ వాడేవాళ్ల కోసం రెండు మాటలు. మధ్యలో ఒక వరుసలో చుక్కలు, అంటే స్టార్ గుర్తులు వస్తే అక్కడ లైను తెగిందని కాదు. ఆ రూటర్ కబురు పెట్టడం మానేసి ఉండొచ్చు. దాని తర్వాతి వరుసలు వస్తున్నాయంటే దారి బాగానే ఉన్నట్టు. అలాగే మధ్యలో ఒక్క వరుసలో 300 ఎంఎస్ ఉండి, తర్వాతి వరుసలో మళ్లీ 40 ఉందనుకోండి, ఆ రూటర్‌ని తిట్టకండి. దానికి ప్యాకెట్లు దాటించడం ముఖ్యమైన పని, మనకు జవాబివ్వడం తీరిక దొరికితే చేసే పని. ఆలస్యం ఒకచోట మొదలై చివరి దాకా కొనసాగితేనే అక్కడ అనుమానించాలి. ఒక్కసారి కాకుండా అదేపనిగా చూడాలంటే ఎంటీఆర్ ఉంది, 1997లో మ్యాట్ కింబాల్ రాశాడు, పింగ్, ట్రేస్‌రూట్ రెండూ ఒకే స్క్రీన్‌లో.

ఇంకో లెక్క గేమర్స్ కోసం. హైదరాబాద్ నుంచి సింగపూర్ గాలి దూరం దాదాపు 3,300 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. పోయి రావడానికి 33 ఎంఎస్. కాబట్టి సింగపూర్ సర్వర్‌కి 10 ఎంఎస్ పింగ్ ఇస్తానని ఏ "గేమింగ్ రూటర్" డబ్బా మీద రాసినా, అది ఫిజిక్స్‌కి తెలియదు.

జేకబ్‌సన్ టీమ్ నుంచే అదే కాలంలో టీసీపీడంప్ వచ్చింది, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకాన్ కలిసి. వైరు మీద పోయే ప్యాకెట్లను విప్పి చూపించేది. 1998లో కాన్సస్ సిటీలో చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పని చేసే జెరాల్డ్ కూంబ్స్‌కి అలాంటిదే బొమ్మలతో కావాల్సి వచ్చింది. కొందామంటే సుమారు 1,500 డాలర్లు, పైగా వాళ్ల లైనక్స్, సొలారిస్ మెషీన్ల మీద నడవదు. తనే రాసుకుని ఈథీరియల్ అని ఉచితంగా వదిలాడు. 2006లో ఉద్యోగం మారినప్పుడు ఆ పేరు మీద హక్కు తనది కాకపోవడంతో వైర్‌షార్క్ అని మార్చాడు. ఇవాళ బీటెక్ ల్యాబ్‌లో మీరు తెరిచేది అదే.

ఇప్పుడు ఆ మర్యాద సంగతికి వద్దాం.

1996 ప్రాంతంలో పింగ్ ఆఫ్ డెత్ వచ్చింది. 65,535 బైట్లకు మించిన పింగ్ పంపితే చాలా ఆపరేటింగ్ సిస్టమ్‌లు అక్కడికక్కడే కుప్పకూలేవి. 2003 ఆగస్టులో నాచీ అనే వార్మ్ కొత్త మెషీన్లను వెతకడానికి పింగ్‌ల వరద పారించింది. అడ్మిన్లకు భయం పట్టుకుంది. ఫైర్‌వాల్‌లో ఒకే లైను రాసేశారు, "ఐసీఎంపీ మొత్తం బ్లాక్". పింగ్ ఆఫ్ డెత్ బగ్‌ని ఎప్పుడో సరిచేశారు. కానీ ఆ లైను మాత్రం చాలా ఆఫీసుల్లో తరాలుగా వస్తోంది. ఎందుకు రాశారో తెలిసినవాళ్లు వెళ్లిపోయారు, తీసే ధైర్యం మిగిలినవాళ్లకు లేదు.

దాని నష్టం నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కళ్లారా చూశాను. వీపీఎన్‌లో జనం లాగిన్ అవుతున్నారు. పింగ్ వెళ్తోంది. చిన్న పేజీలు ఓపెన్ అవుతున్నాయి. పెద్ద ఫైల్ తెరిస్తే మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. సర్వర్ టీమ్ నెట్‌వర్క్ టీమ్‌ని, నెట్‌వర్క్ టీమ్ "పింగ్ వస్తోంది కదా" అని సర్వర్ టీమ్‌ని, ఇలా రెండు రోజులు. చివరికి ఒక సీనియర్ అన్న వచ్చి కమాండ్ ప్రాంప్ట్‌లో ఒకే ఒక్క పింగ్ కొట్టాడు, కానీ సైజు 1472 పెట్టి. రాలేదు. సైజు తగ్గించాడు. వచ్చింది. అంతే, కేసు క్లోజ్.

ఏం జరుగుతోందంటే, ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్లు ఉండొచ్చు. వీపీఎన్ టన్నెల్ తన పైకవర్ చుడుతుంది కాబట్టి లోపల చోటు తగ్గుతుంది. ఫుల్ సైజు ప్యాకెట్ వస్తే దారిలోని రూటర్ దాన్ని పారేసి "ఇంత పెద్దది పట్టదు, చిన్నది పంపు" అని చెప్పాలి. 1990 నుంచి పద్ధతి ఇదే. ఆ మాట చెప్పేది దేనిలో? ఐసీఎంపీలో. ఫైర్‌వాల్ దాన్ని మింగేసింది. పంపేవాడికి ఏమీ తెలియదు, అదే పెద్ద ప్యాకెట్ మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటాడు. మామూలు పింగ్ విండోస్‌లో 32 బైట్లు, లైనక్స్‌లో 56. చిన్నవి కాబట్టి హాయిగా వెళ్లిపోతాయి. "పింగ్ వస్తోంది" అన్న మాట అబద్ధం కాదు, కానీ అది 32 బైట్ల నిజం. మిగతా 1,400 బైట్ల గురించి ఎవరూ అడగలేదు.

మర్యాదగా జవాబిచ్చే వ్యవస్థ మీద కట్టిన టూల్స్ ఇవి. ఆ జవాబుల్ని మనమే నొక్కేసి, తర్వాత లక్షలు పెట్టి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ కొనడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. వరద వస్తుందని భయముంటే రేట్ లిమిట్ పెట్టొచ్చు. అడ్మిన్‌గా ఉన్నవాళ్లు కనీసం టైప్ 3, టైప్ 11 మెసేజ్‌లను వదిలేయండి. మొదటిది ప్యాకెట్ ఎందుకు చేరలేదో చెప్పేది, "పెద్దది పట్టదు" కబురు అందులోనే కోడ్ 4. రెండోది ట్రేస్‌రూట్‌ని బతికించేది.

ఐపీవీ6లో ఈ ఛాయిస్ కూడా ఉండదు. అక్కడ దారిలోని రూటర్లు ప్యాకెట్‌ని ముక్కలు చేయవు. పక్క మెషీన్ అడ్రస్ కనుక్కోవడం కూడా ఐసీఎంపీవీ6 పనే. మొత్తం బ్లాక్ చేస్తే నెట్‌వర్కే పడుకుంటుంది. ఇప్పుడు మీ చేతిలో ఫోన్‌లో జియో సిమ్ ఉంటే, ఈ వీడియో చాలావరకు ఐపీవీ6 మీదే వస్తూ ఉంటుంది.

ఇంట్లో చేసి చూడండి. విండోస్‌లో పింగ్, స్పేస్, హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్ 1472, తర్వాత సైట్ పేరు. లైనక్స్‌లో అయితే హైఫన్ క్యాపిటల్ ఎం డూ, హైఫన్ చిన్న ఎస్ 1472. దీనికి 28 బైట్ల హెడర్లు కలిస్తే సరిగ్గా 1500. జవాబు రాకపోతే కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోండి. 1464 దగ్గర జవాబు రావడం మొదలైతే మీ బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ మీద నడుస్తోందన్నమాట, 8 బైట్లు అది తినేస్తోంది. మీకు ఏ నంబర్ వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ 400 గజాల ట్రాఫిక్ జామ్ కథ.