'పాత నేరస్థుడు': చంచల్‌గూడ జైలు, రౌడీషీటు, పునరావాసం

తెలుగు పత్రికల నేరవార్తలలో 'పాత నేరస్థుడు' అనే మాట తరచుగా కనిపిస్తుంది. పదవి పోయిన మంత్రిని 'మాజీ' అంటాం. పదవి ముగిసిందని దాని అర్థం. 'పాత నేరస్థుడు'లోని 'పాత' అటువంటిది కాదు. నేరం గతించిందని గాక, అది మనిషికి స్వభావమై నిలిచిందని సూచిస్తుంది. ముఠా తగాదాలలో శిక్ష అనుభవించి, బతుకు సరిదిద్దుకోదలచిన పాతబస్తీ యువకునికి ఎదురయ్యే చిక్కంతా ఈ విశేషణంలో ఉన్నది.

ఈ భావనకు వలసపాలన నాటి మూలముంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసింది. ఆ చట్టపరంపరలోనే 1913లో బాపట్ల ప్రాంతాన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం వెలిసింది. 1952లో చట్టం రద్దయినా ఊరి పేరుకు అంటిన అపకీర్తి పోలేదు. గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం అక్కడ సాగించిన సంస్కరణకృషి నేరం మాన్పించడంతో ఆగలేదు; ఆ పేరు మోస్తున్న మనుషులను సమాజం చూసే చూపును కూడా మార్చవలసివచ్చింది. ఇటు చట్టంలో 'తెగ' పోయి 'అలవాటు' వచ్చింది: ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టం 1962 నాటిది.

హైదరాబాదులో పునరావాసానికీ నిఘాకూ మధ్య దూరం తక్కువ. 1876లో కట్టిన చంచల్‌గూడ జైలు దగ్గర జైళ్లశాఖ పెట్రోలు బంకు నడుపుతూ ఖైదీలకు, విడుదలైనవారికి పని కల్పించింది. ఇది చిన్న విషయం కాదు. జీతం తెచ్చే మనిషికి ఇంట్లో దక్కే స్థానం ఏ ఉపదేశంతోనూ రాదు. అయితే అదే మనిషి పేరు ఠాణాలో రౌడీషీటుపై ఉండవచ్చు. ఈ షీటుకు ఆధారం శాసనసభ చేసిన చట్టం కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లలోని 601వది. శాంతిభంగం కలిగించే నేరాలను అలవాటుగా చేసేవారిపై దానిని తెరుస్తారు. జైలుశిక్షకు ముగింపు తేదీ ఉంటుంది. షీటుకు అటువంటిది లేదు. గడువు తీరినప్పుడల్లా అధికారి ఉత్తర్వుతో దానిని పొడిగించవచ్చు.

న్యాయస్థానాలు ఈ నిఘాకు కొంత హద్దు గీశాయి. ఖరక్ సింగ్ కేసులో (1962) సుప్రీంకోర్టు రాత్రివేళ ఇళ్లకు వెళ్లి తనిఖీ చేయడాన్ని కొట్టివేసింది. మలక్ సింగ్ కేసులో (1980) తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి నిఘా నేరనివారణకే పరిమితం కావాలన్నారు. రిజిస్టరు మాత్రం నిలిచింది.

లాస్ ఏంజిలెస్‌లో లాటినో ముఠాల యువకుల కోసం ఫాదర్ గ్రెగరీ బోయిల్ 1988లో ప్రారంభించిన కృషి హోంబాయ్ ఇండస్ట్రీస్‌గా ఎదిగింది. ఒకప్పటి శత్రుముఠాల వారు అక్కడి బేకరీలో పక్కపక్కన పనిచేస్తారు; ఒంటిపై ముఠా పచ్చబొట్లను ఉచితంగా తీయించుకుంటారు. ఆ గుర్తు వేయించుకున్నవాడే దానిని చెరిపించుకోగలడు. రౌడీషీటు విషయంలో ఆ అవకాశం లేదు. అద్దె ఇంటికో, డ్రైవరు ఉద్యోగానికో పోలీసు విచారణ అవసరమైన రోజున, బంకులో ఎన్నేళ్లు నమ్మకంగా పనిచేశాడన్నది ఆ షీటులో ఉండదు. ఆ వివరం రాయడానికి అందులో గడి లేదు.