కెచప్‌లో పంచదార ఎట్లు చేరినది?

1981 సెప్టెంబరులో అమెరికాలో ఒక వింత వివాదము చెలరేగినది. బడిపిల్లల భోజనమునకు ప్రభుత్వమిచ్చే సొమ్ము తగ్గింది. దానికి తగినట్లు నియమములను సడలిస్తూ వ్యవసాయశాఖ ఒక ముసాయిదా ప్రకటించింది. అందులో కెచప్ పేరు లేదు. కాని దోస ఊరగాయ వంటి నంజుకొనే పదార్థములను కూరగాయల లెక్కలో వేసుకొనే వీలున్నది. అయితే కెచప్ కూడ కూరగాయేనా అని పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ నెలలోనే ముసాయిదాను ఉపసంహరించారు. జనము నవ్వుకొన్నారు గాని, పళ్ళెములో కూర చోటికి కెచప్ వస్తే నష్టపోయేది పిల్లవాడే గదా! ఇంతకూ అందులో పోషణ ఎంత?

కెచప్ మొదట టొమాటో పదార్థమే కాదు. ఆ మాట దక్షిణ చైనా తీరములో చేపల ఊటకున్న పేరునుండి వచ్చినదని పలువురి అభిప్రాయము. ఇంగ్లండులో దానిని పుట్టగొడుగులతోను, అక్రోటు కాయలతోను చేసేవారు. టొమాటోతో చేసే పద్ధతిని 1812లో ఫిలడెల్ఫియా వైద్యుడు జేమ్స్ మీజ్ ప్రచురించాడు. ఉప్పు, మసాలా దినుసులు, చిన్న ఉల్లి, కొంచెము బ్రాందీ: ఇంతే. పంచదార లేదు, వినెగరూ లేదు.

సీసాలలో నింపి దూరప్రాంతములకు అమ్మడము మొదలైన తరువాత చిక్కు వచ్చినది. టొమాటో గుజ్జు త్వరగా పులుస్తుంది. దానిని ఆపుటకు ఉత్పత్తిదారులు సోడియం బెంజోయేటు కలిపేవారు. ప్రభుత్వ రసాయనశాస్త్రజ్ఞుడు హార్వే వైలీ ఇట్టి రసాయనములను వ్యతిరేకించాడు. 1902 నుండి, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన యువకులకు వాటిని ఆహారములో ఇచ్చి పరీక్షించాడు. (ఈనాడు అట్టి ప్రయోగమునకు అనుమతి దొరకదు!) 1906లో ఆహారశుద్ధి చట్టము వచ్చినది. అది బెంజోయేటును నిషేధించలేదు. మితముగా వాడుటకు నేటికీ అనుమతి ఉన్నది. అయినా హైంజ్ సంస్థ ఆ కాలములోనే దానిని మానివేసింది. బాగా పండిన కాయలను తీసుకొని, వినెగరు, పంచదార, ఉప్పు పెంచింది. వినెగరు ఆమ్లత్వమును పెంచుతుంది. ఉప్పు, పంచదార నీటిని పట్టి ఉంచి, సూక్ష్మజీవులకు అందనీయవు. మన ఊరగాయ జాడీలో ఉప్పు చేసే పని ఇదే.

అందుచేత పోషకముల లెక్క తారుమారైనది. 100 గ్రాముల పచ్చి టొమాటోలో చక్కెరలు 3 గ్రాములకు లోపు, విటమిన్ సి సుమారు 14 మిల్లీగ్రాములు. అంతే కెచప్‌లో చక్కెరలు 20 గ్రాములకు పైన, సోడియం సుమారు 900 మిల్లీగ్రాములు, విటమిన్ సి 4 మాత్రమే. ఒక్క లాభమున్నది: ఎర్రరంగునిచ్చే లికోపీన్ చిక్కబడుతుంది, ఉడికినందున శరీరమునకు సులభముగా అందుతుంది.

100 గ్రాముల టొమాటోలోని విటమిన్ సి కొరకు కెచప్ సుమారు 350 గ్రాములు తినవలెను. దానితో చక్కెరలు 70 గ్రాములకు పైగా, ఉప్పు 8 గ్రాములదాకా లోపలికి పోతాయి. పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.