గణనయంత్రము మొరాయించిన నాడు



ఒకప్పుడు గ్రామపు లెక్కలకు కరణముగారి దస్త్రమే ఆధారము. కలము విఱిగినచో మఱియొక కలము చెక్కుకొనెడివారు. పని నిలిచెడిది కాదు. నేడు భూమి లెక్కలు, పింఛనులు, బ్యాంకు పద్దులు కంప్యూటరనెడి గణనయంత్రమున కెక్కినవి. అది మొరాయించినచో, కూలి మానుకొని కచేరికి వచ్చిన రైతు “రేపు రమ్ము” అను మాట విని మరలిపోవలసి వచ్చుచున్నది. ఈ యిక్కట్టు క్రొత్తది కాదు, యంత్రముతోడనే పుట్టినది. పూర్వులు దాని నెట్లెదుర్కొనిరో కొంచెము మనవి చేసెదను.

1946వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమందు ఎనియాక్ అను యంత్రమును లోకమునకు జూపిరి. దాని బరువు సుమారు 30 టన్నులు. అందు దాదాపు 18,000 వాల్వులుండెను. మన పాత రేడియో పెట్టెలలో వెలుగుచుండినవి ఆ జాతివే. ఒక్కటి మాడినను లెక్క తప్పుటకు అవకాశము కలదు. యంత్రము నార్పి మరల వెలిగించు వేళలనే వాల్వులు హెచ్చుగా చెడుచున్నవని పనివారు గ్రహించి, దాని నార్పకయే యుంచసాగిరి. నిర్మాతలలో నొకడగు ఎక్కర్టు, వాల్వులు తాళగలిగినదానికంటె తక్కువ విద్యుత్తునే వానికి పంపునట్లు ముందే యేర్పాటు చేసియుండెను. ఎద్దు లాగగల బరువుకంటె కొంత తగ్గించి బండి నింపువానికి ఈ యుపాయము క్రొత్తగా తోచదు.

1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్కు-2 అను యంత్రము సరిగా పనిచేయకుండెను. పనివారు ఓపికతో వెదకగా, రిలే యను విద్యుత్సాధనమునందు ఒక రెక్కల పురుగు చిక్కుకొని కనబడెను. యంత్రదోషమును ఇంగ్లీషున “బగ్గు”, అనగా పురుగు, అని పిలుచుట ఎడిసను కాలమునుండియు గలదు. ఇప్పుడు నిజమైన పురుగే దొరకెను! వారు నవ్వుకొని యూరకుండలేదు. దానిని దినచర్యపుస్తకమున అంటించి, వేళతో సహా వ్రాసియుంచిరి. ఆ పుటను నేటికిని అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలవారు భద్రపఱచియున్నారు.

ఇక మన కాలపు సంగతి. 2024 జూలై 19వ తేదీన, యంత్రములకు రక్షణగా పంపబడిన ఒక మార్పులో దోషము దొరలి, లోకమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయెను. పంపినవారు 78 నిమిషములలో దానిని సవరించిరి. అయినను, అప్పటికే పడిన యంత్రములను చాలవఱకు మనుష్యులే ఒక్కొక్కదానికడకు బోయి చేతితో లేపవలసివచ్చెను. ఆ దినమున హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చీటీలు కలముతో వ్రాసియిచ్చిరి. వ్రాయగల చేయి యుండుటచేత ప్రయాణము సాగెను.

కావున పెద్దలారా, యంత్రమును దూషింపవలదు. దానినే నమ్మి కాగితమును పాఱవేయనువలదు. పాసుపుస్తకమును, రసీదులను పెట్టెలో భద్రముగా నుంచుడు. కచేరిలో యంత్రము నిలిచినచో, మీ యర్జీని కాగితముపై పుచ్చుకొని తేదీ వేసి రసీదిమ్మని మర్యాదగా కోరుడు. ఏ దినమున ఏమి చెడెనో, ఎట్లు బాగుపడెనో వ్రాసియుంచుడని ఉద్యోగులకును చెప్పుడు. నాడు హార్వర్డువారు చేసిన పని యదియే. మన కరణములెఱిగిన పనియు నదియే.